ఇంకో పూస తీసి చూడండి

"పాప నిద్రపోతోందా? అన్నం తింటోందా? ఇంకా ఏవో గొంతులు వినపడుతున్నాయంటోందా?"

నెలకోసారి ఈ మూడు ప్రశ్నలు. ఇరవయ్యొక్కేళ్ళుగా ఇవే మూడు. డాక్టర్లు మారారు, ఆసుపత్రులు మారాయి, చీటీ మీద మందుల పేర్లు మారాయి, ప్రశ్నలు మాత్రం మారలేదు. అడిగేది మా అమ్మని. పాప అంటే నేను. నాకు నలభై ఒకటి. తల సగం నెరిసింది. డాక్టరుగారికీ నాకూ మధ్య దూరం మూరెడు. అయినా నా నిద్ర సంగతి మా అమ్మే చెప్పాలి. అమ్మ చెబుతుంది. ఆయన "అవే మందులు" అని రాస్తాడు. మూడు నిమిషాల్లో బయటికొస్తాం.

ఆయన మీద నాకు కోపం లేదు. వరండాలో ఇంకా ఎనభై మంది కూర్చుని ఉన్నారని నాకూ తెలుసు. లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది. నా కోపం నాలుగో ప్రశ్న గురించి. "పేపరు చదివితే తలకెక్కుతోందా? బజారుకెళ్ళి నాలుగు సరుకులు మర్చిపోకుండా తెస్తున్నావా? ఎదుటి మనిషి మాట చివరిదాకా పట్టుకోగలుగుతున్నావా?" ఈ సంగతి పదిహేడేళ్ళపాటు నన్ను ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

లెక్క చెబుతాను, వినండి. నేను లెక్కల విద్యార్థిని. బీఎస్సీ రెండో ఏడాదిలో ఉండగా నాకు స్కిజోఫ్రేనియా వచ్చింది. గొంతులు నా దగ్గర్నుంచి లాక్కుపోయింది రెండేళ్ళు. మందులు పడ్డాక అవి సద్దుమణిగాయి. ఆ తర్వాత పదిహేనేళ్ళు మా ఇంటి వసారాలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఆ పదిహేనేళ్ళని మింగిన దోషులు ఇద్దరు. ఒకటి, చెదిరిపోయిన నా ఆలోచన. రెండు, దాన్ని మళ్ళీ కూడగట్టుకోవడం నేర్పొచ్చని తెలిసీ నేర్పని వ్యవస్థ. మొదటిదాన్ని క్షమించాను. అది జబ్బు. రెండోదాన్ని క్షమించను.

ఈ జబ్బు పేరు చెప్పగానే "ఓహో, అపరిచితుడు సినిమాలోలాగానా?" అంటారు చాలామంది. ఒకే ఒంట్లో ముగ్గురు మనుషులుండడం వేరే కథ. స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్ళు ప్రపంచంలో 300 పైచిలుకు మందికి ఒకరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ చుట్టాల్లోనూ ఒకరుండే ఉంటారు, మీదాకా రానిచ్చి ఉండరు. లేని గొంతులు వినపడడం, లేని కుట్రలు కనపడడం దీనికి అందరికీ తెలిసిన ముఖం. రెండో ముఖం ఒకటుంది. ధ్యాస నిలవదు. విన్నది చేతిలో నీళ్ళలా జారిపోతుంది. ఒక పని తర్వాత ఏ పనో వరస తప్పుతుంది. జవాబు నోటిదాకా వచ్చేసరికి ఎదుటివాళ్ళు వేరే మాటలోకి వెళ్ళిపోతారు. ఈ ముఖం అరవదు, వీధిలోకి పరిగెత్తదు, ఎవరినీ భయపెట్టదు. అందుకే ఎవరికీ పట్టదు.

వైద్యులకి ఇది కొత్త సంగతేం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఎమిల్ క్రెపెలిన్ అనే జర్మన్ వైద్యుడు ఈ జబ్బుని "డిమెన్షియా ప్రీకాక్స్" అన్నాడు. పడుచుదనంలోనే బుద్ధి క్షీణించడం అని అర్థం. పట్టిందంటే దిగజారడమేనని ఆయన తీర్పు. అందరూ అలా దిగజారరని గమనించి, 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లూలర్ స్కిజోఫ్రేనియా అన్న మాట తెచ్చాడు. పేరు మారి నూటపదేళ్ళు దాటింది. తీర్పు అక్కడే ఉంది. 1950లలో క్లోర్‌ప్రోమజైన్‌తో మొదలైన మందులు గొంతుల నోరు మూయించాయి. వాటికి నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ ధ్యాసనీ జ్ఞాపకాన్నీ అవి పెద్దగా బాగుచేయలేవని వైద్యశాస్త్రమే ఒప్పుకుంటోంది. పైగా, ఆ మందుల వల్ల చేతులు వణక్కుండా ఒళ్ళు బిగుసుకోకుండా మన దగ్గర విరివిగా రాసే ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర జ్ఞాపకాన్ని ఇంకాస్త మసకబారుస్తుంది. "ఇది నాకు ఇంకా అవసరమా?" అని డాక్టర్ని అడగొచ్చన్న సంగతి పదేళ్ళదాకా నాకు తెలీదు. మీరూ అడగండి. అడక్కుండా మానేయడం మాత్రం వద్దు.

రెండో ముఖం ఎలా ఉంటుందో వంటింట్లో చూపిస్తాను. ఉప్మా చేయాలి. రవ్వ వేయించి పక్కన పెట్టాను. పోపు పెట్టాను. ఉల్లిపాయలు వేగాయి. తర్వాతేంటి? చేతిలో గరిటె, ఎదురుగా మూకుడు, మధ్యలో ఏదో ఒకటి ఖాళీ. నీళ్ళు పోయకుండానే రవ్వ పోశాను. మాడింది. ఇంకోరోజు ఎసరు మరుగుతుంటే ఎందుకు మరుగుతోందో మర్చిపోయి చూస్తూ నిలబడ్డాను. మా మేనత్త "పాతికేళ్ళ పిల్లకి ఉప్మా రాదు" అంది. నాన్న "బద్ధకం" అన్నాడు. పక్కింటావిడ "మందుల మత్తు" అంది. అమ్మ మాత్రం ప్రేమగా "నువ్వేం చెయ్యకు తల్లీ, వెళ్ళి కూర్చో" అంది. అన్నిట్లోకీ నన్ను ఎక్కువ పాడుచేసింది ఆ ప్రేమే. తిట్టిన మాటలకి ఎదురు తిరగొచ్చు. కుర్చీ వేసి కూర్చోబెట్టిన ప్రేమకి ఎలా ఎదురు తిరుగుతాం?

అదే ఏడాది మా మామయ్యకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజుకే ఇంటికి ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చాడు. రోజూ చెయ్యి లేపించాడు, బంతి పిసికించాడు, గ్లాసు పట్టించాడు. "మందు వేశాంగా, చెయ్యి దానంతటదే లేస్తుందిలే" అని ఇంట్లో ఒక్కరూ అనలేదు. లేవకపోతే బద్ధకమనీ అనలేదు. అదే ఇంట్లో, అదే వసారాలో, నేను కుర్చీలో ఉన్నాను. ఒక మనిషి చేతికి దక్కిన మర్యాద ఇంకో మనిషి బుర్రకి దక్కకూడదా?

బుర్రకీ ఫిజియోథెరపీ ఉంది. దాన్ని కాగ్నిటివ్ రెమిడియేషన్ అంటారు. ధ్యాస నిలపడం, విన్నది పట్టి ఉంచుకోవడం, పనిని ముక్కలు చేసి వరసపెట్టుకోవడం, తప్పు జరిగితే ఆగి దారి మార్చడం, వీటిని కూర్చుని సాధన చేయించి నేర్పే చికిత్స అది. 2021లో జామా సైకియాట్రీ పత్రికలో 130 అధ్యయనాలనీ, 8,800 మందికి పైగా మనుషులనీ కలిపి లెక్కగట్టారు. ఆలోచనాశక్తీ రోజువారీ బతుకూ రెండూ మెరుగయ్యాయని తేలింది. అద్భుతం జరిగిందని నేను అబద్ధం చెప్పను. మెరుగుదల చిన్నదానికీ మధ్యస్థానికీ నడుమ ఉందన్నారు. ఆ చిన్నదాని ఖరీదు నాకు తెలుసు. రవ్వకి ముందు నీళ్ళు పోయాలని గుర్తురావడమే అది. ఏ శిక్షణ బాగా పనిచేసిందో కూడా అందులోనే తేల్చారు. నేర్పే మనిషి పక్కనుండాలి. కిటుకులు చెప్పాలి. నేర్చుకున్నదాన్ని ఇంట్లో, బజార్లో, పనిలో వాడించాలి. కాబట్టి "మా యాప్‌లో రోజూ పది నిమిషాలు ఆడితే మెదడు పదునెక్కుతుంది" అనే వ్యాపారులారా, మమ్మల్ని వదిలేయండి. ఆటలో స్కోరు పెరిగితే పెరిగేది ఆటలో స్కోరే.

దీనికి కోట్ల రూపాయల యంత్రాలు కావాలేమో అనుకుంటారు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ధ్యాసకి శిక్షణనిచ్చే పద్ధతుల్లో ఒకటి గింజలు వేరుచేయించడం. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరడం తెలియని తెలుగు ఇల్లుందా? మన దగ్గర చేట ఉంది. పక్కన కూర్చుని "ఇవాళ అయిదు నిమిషాలు, రేపు ఏడు" అని చెప్పే మనిషి లేడు.

ఆ మనిషి నాకు ముప్పై ఏడో ఏట దొరికింది. అమ్మ గాజులు తాకట్టుపెట్టి వేరే ఊళ్ళో ఒక పునరావాస కేంద్రంలో నాలుగు నెలలు ఉంచింది. అక్కడి సైకాలజిస్టు మొదటిరోజు నాకు పేపర్లో నాలుగు లైన్ల వార్త ఇచ్చింది. చదవమంది, మూయమంది, ఏముందో చెప్పమంది. ఒక్క మాట చెప్పలేకపోయాను. ఏడ్చాను. "రేపు రెండు లైన్లు" అంది, అంతే. జాలి లేదు, కసురు లేదు. నెలయ్యేసరికి ఒక పూర్తి వార్త. వంటకి ముందు సామానంతా వరసగా గిన్నెల్లో పెట్టుకోవడం, చేసేది చేసేటప్పుడు పైకి అనుకోవడం, జవాబు ఆలస్యమైతే "ఒక్క నిమిషం, ఆలోచించి చెబుతాను" అనడం, ఇవన్నీ నేర్చుకున్నాను. ఆ ఆఖరి వాక్యం నేర్చుకోవడానికి ముందు నా మౌనాన్ని జనం పొగరనుకునేవాళ్ళు.

తెలుగువాళ్ళకి ఇది వింతగా తోచకూడదు. ధ్యాసని సాధనతో పెంచుకోవచ్చని లోకానికి వేదికెక్కి చూపించిన జాతి మనది. దానికి అవధానం అని పేరు పెట్టుకున్నాం. ఆ మాటకి అర్థమే ఏకాగ్రత. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. నిషిద్ధాక్షరి ఇచ్చేవాడు నోటికి రాబోయే అక్షరాన్ని ఆపేస్తాడు. అప్రస్తుత ప్రసంగి పనిగట్టుకుని ధ్యాస చెదరగొడతాడు. మధ్యలో గంటలు కొడతారు, అవీ లెక్కపెట్టుకోవాలి. చివర్లో అన్ని పద్యాలూ ధారణతో ఒప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యకి జనాన్ని అలవాటు చేశారు. అవధాని పుట్టుకతోనే ధారణతో వచ్చాడని ఎవరమూ అనుకోం. గురువు దగ్గర ఏళ్ళ తరబడి సాధన చేశాడంటాం, శాలువా కప్పుతాం. మరి నా తలలోనే కూర్చున్న అప్రస్తుత ప్రసంగితో ఇరవై ఏళ్ళుగా అవధానం చేస్తున్నదాన్ని నేను. నాకు శాలువా అక్కర్లేదు. గురువుని ఇవ్వండి.

ఇక ఆలోచనలో ఇంకో మెళకువ ఉంది. అది రోగులకంటే మీకే ఎక్కువ పనికొస్తుంది.

1988లో లండన్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. రెండు జాడీలు. ఒకదానిలో నూటికి 85 పూసలు ఒక రంగు, 15 ఇంకో రంగు. రెండోదానిలో సరిగ్గా తలకిందులు. ఏ జాడీలోంచి తీస్తున్నారో చెప్పకుండా ఒక్కో పూస తీసి చూపిస్తారు. "ఇది ఫలానా జాడీ" అని నమ్మకం కుదిరినప్పుడు చెప్పాలి. భ్రమలున్న వాళ్ళలో చాలామంది ఒకటి రెండు పూసలకే తేల్చేశారు. దీన్నే తొందర తీర్పు అంటున్నాను. హాంబర్గ్‌లో స్టెఫెన్ మోరిట్జ్ బృందం ఇలాంటి తొందరల్ని గుర్తుపట్టడం నేర్పే మెటాకాగ్నిటివ్ ట్రైనింగ్ అనే పాఠాలు తయారుచేసి ఉచితంగా పంచుతోంది.

లెక్కలదాన్ని కదా, ఆ పాఠంలోనే సైకాలజిస్టుతో గొడవపడ్డాను. "మొదటి రెండు పూసలూ ఒకే రంగువైతే అది ఆ జాడీ కావడానికి నూటికి 97 పాళ్ళు అవకాశముంది. రెండు పూసలకే చెప్పేస్తే తప్పేంటి?" ఆవిడ నవ్వి, "జాడీకైతే తప్పులేదు. బస్సులో జనం విషయంలో 85, 15 అని నీకెవరు చెప్పారు?" అంది. నాకు ఒళ్ళు జలదరించింది. నిజమే. బతుకులో పూసలకి రంగు ముందే వేసి ఉండదు. వేసేది మనమే.

ఇంటికొచ్చాక ఒకరోజు బస్సులో వెనక సీట్లో ఇద్దరు అమ్మాయిలు నవ్వారు. మొదటి పూస: నన్ను చూసే నవ్వారు. అంతకుముందైతే అక్కడే దిగిపోయి, మూడు రోజులు అన్నం మానేసేదాన్ని. ఆగాను. ఇంకో పూస తీశాను: వాళ్ళ చేతిలో ఫోనుంది, కళ్ళు ఫోను మీదున్నాయి. ఇంకోటి: నేను ముందు సీటులోకి మారినా అలాగే నవ్వుతున్నారు. గుండె దడ తగ్గలేదు, ఒప్పుకుంటాను. కానీ నేను దిగాల్సిన స్టాపులోనే దిగాను. నాలుగు నెలల చదువుకి అదే నా డిగ్రీ.

ఇప్పుడు మీ సంగతి. రోగి ఒక్క పూసకే తీర్పు చెబితే దానికో పేరుంది, పరిశోధన ఉంది, పాఠాలున్నాయి. "స్కిజోఫ్రేనియా" అన్న ఒక్క పూస చూసి ఇల్లు అద్దెకివ్వనివాణ్ణి ఏమంటారు? చెల్లెలి సంబంధం తప్పించుకున్న వియ్యాలవారిని? "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపండి" అని నవ్వుకునే హాస్యగాణ్ణి? "ఇంక చదువు సంధ్యలు పెట్టుకోకండి, శాంతంగా ఉంచండి" అని ఇరవై ఏళ్ళ పిల్ల ముందే చెప్పిన పెద్దమనిషిని? వీళ్ళెవరూ రెండో పూస తీయలేదు. వీళ్ళకి పాఠాలెవరు చెబుతారు?

జాన్ నాష్ పేరు చెప్పి ఇంకో గుంపు వస్తుంది. ఆయనకి ఈ జబ్బుండేది, 1994లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది, 1970 తర్వాత మందులు వాడలేదు, తన భ్రమలని తర్కంతోనే తోసిపుచ్చానని రాసుకున్నాడు. అన్నీ నిజాలే. "చూశావా, మందులెందుకు?" అంటారు. ఒక్క నాష్‌ని చూసి లక్షలమందికి తీర్పా? అదీ ఒక్క పూసే. నాకు మందులు కావాలి, సాధనా కావాలి. విరిగిన కాలికి పట్టీ కట్టడమా నడిపించడమా అని పందెం పెట్టేవాణ్ణి వైద్యుడనరు.

"సిబ్బంది ఎక్కడున్నారమ్మా?" అంటారు అధికారులు. 2014లో లాన్సెట్ పత్రికలో మన దేశపు అధ్యయనమే వచ్చింది. గోవా, మహారాష్ట్ర, తమిళనాడుల్లో 282 మంది స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్ళతో చేశారు. శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఇళ్ళకెళ్ళి తోడ్పడితే, ఆసుపత్రి వైద్యం ఒక్కటే అందినవాళ్ళకంటే వీళ్ళ జబ్బూ అశక్తతా కొంత ఎక్కువగా తగ్గాయి. ఆ తోడ్పాటూ కాగ్నిటివ్ రెమిడియేషనూ ఒకటి కావు. కానీ నేర్పించే మనిషికి మెడలో స్టెతస్కోపు ఉండి తీరాలన్న సాకుని కొట్టిపారేయడానికి అది చాలు. ఊరూరా ఆశా కార్యకర్తలున్న రాష్ట్రాలు మనవి. వాళ్ళ నెత్తిన ఊరికే ఇంకో మూట పెట్టమనడం లేదు. జీతమిచ్చి, నేర్పించి, మనుషుల్ని పెట్టండి అంటున్నాను.

చట్టం అడ్డమా అంటే, చట్టం నా పక్షాన్నే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆసుపత్రిలోనూ సమాజంలోనూ పునరావాస సేవలు అందించాలంటుంది. శరీర రోగాలతో సమానంగా బీమా ఇవ్వాలంటుంది. నా బీమా కాగితం ఏమందో తెలుసా? ఆసుపత్రిలో పడుకుంటేనే డబ్బు. కూర్చుని నేర్చుకునే చికిత్సకి పడుకోవడం ఎక్కడ కుదురుతుంది? సమానత్వమంటే కొంగకీ నక్కకీ ఒకే పళ్ళెంలో పాయసం పోయడమా?

2016 వికలాంగుల హక్కుల చట్టం మా జబ్బునీ వైకల్యంగా గుర్తించింది. ఎంత శాతమో తేల్చడానికి ఒక కొలమానముంది. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాటా అవగాహనా, ఉద్యోగం, ఇలా అంశాలవారీగా మార్కులేస్తారు. సదరం సర్టిఫికెట్ కోసం లైన్లో నిలబడ్డప్పుడు వెనకున్న ఒక పెద్దాయన అమ్మకి మెల్లిగా చెప్పాడు: "పాపని మరీ బాగా జవాబులు చెప్పనివ్వకమ్మా, పర్సెంటేజీ తగ్గుద్ది." 2025లో వికలాంగుల పింఛను నెలకి ఆంధ్రలో 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016. ఆ పింఛను వైకల్యం నలభై శాతం, ఆపైన ఉన్నవాళ్ళకే. ఆయన్ని నేను తప్పుపట్టను, ఆయన కొడుకు అన్నం అది. కానీ గాజులు తాకట్టుపెట్టి తెచ్చుకున్న రెండు తెలివైన జవాబుల్ని ఆరోజు నోట్లోనే దాచుకోవాలా అనిపించింది. ఎంత పోయిందో కొలవడానికి ప్రభుత్వం దగ్గర కొలబద్ద ఉంది. పోయింది రాబట్టడానికి గది లేదు. రాబట్టుకుంటే పింఛను పోతుందన్న భయం మాత్రం ఉంది.

నేనడిగేది ఎక్కువేం కాదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక గది. అందులో ఒక బల్ల, నోటుపుస్తకాలు, చేట, ఓపికున్న శిక్షకుడు. నేర్చుకుని కోలుకున్నవాడి పింఛను మర్నాడే కోసేయని నిబంధన. ప్రతి ఓపీలో నాలుగో ప్రశ్న. ఇంట్లోవాళ్ళకి ఒక్క మనవి: ఆ కుర్చీ తీసేయండి. ఉప్మా మాడనివ్వండి. మాడిన మూకుడు తోమడం కూడా మాకే వదిలేయండి.

పోయిన నెల మామూలుగానే ఆసుపత్రికి వెళ్ళాం. "పాప నిద్రపోతోందా?" అన్నాడు డాక్టరుగారు. అమ్మ నోరు తెరిచేలోపు, "ఒక్క నిమిషం, నేను చెబుతాను" అన్నాను. ఆలోచించుకున్నాను. ఆయన గడియారం చూశాడు, అయినా ఆగాడు. నిద్ర గురించి చెప్పాను, తిండి గురించి చెప్పాను, గొంతుల గురించి చెప్పాను. "ఇంకొకటి మీరు అడగలేదు. పేపర్లో ఒక పేజీ ఇప్పుడు పూర్తిగా చదవగలుగుతున్నాను" అన్నాను.

ఆయన పెన్ను ఆపి నా వైపు తిరిగాడు. "ఏం చదివారు మీరు?" అన్నాడు.

మీరు. ఇరవయ్యొక్కేళ్ళకి రెండో పూస తీశాడు. జాడీలో ఇంకా చాలా ఉన్నాయి డాక్టరుగారూ, తీస్తూ ఉండండి.